మనిషి జట్టును ఎంచుకుంటాడా?

కోయవాడు తన గట్టును ఎంచుకోడు. మూడో గట్టులో పుట్టాడా, ఐదో గట్టులో పుట్టాడా అన్నది వాడు కళ్లు తెరిచేసరికే తేలిపోయి ఉంటుంది. ఎవరు అన్నదమ్ములు, ఎవరింటి పిల్లను చేసుకోవచ్చు, ఏ వేల్పును కొలవాలి అన్నవన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. "అడక్కుండానే కట్టేశారే, ఇదేం న్యాయం?" అని పట్నంలో చదువుకున్న మిత్రులు నన్ను అడుగుతుంటారు. ఇష్టపడి ఎంచుకున్నదే తనదని, పుట్టుకతో వచ్చింది సంకెల అని వాళ్ల నమ్మకం. అలా అడిగేవాళ్లలో కొందరు రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని ఇంగ్లండు ఫుట్‌బాల్ చూస్తారు. గెలిచే జట్టును చూసి ఎంచుకున్నారు. ఆ జట్టు వరసగా మూడేళ్లు ఓడితే చొక్కా మారుస్తారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే అది అభిమానం అవునా కాదా అన్నది ఆలోచించాల్సిన సంగతి.

గిరిజన రచయితల పుస్తకంలో ఫుట్‌బాల్ గొడవ ఎందుకు అనుకోవద్దు. మా ఏజెన్సీ ఊళ్లలో వాలీబాల్ నెట్టు కనిపించినంతగా గోల్‌పోస్టు కనిపించదు, నిజమే. కానీ పుట్టుకకు, నేలకు, విధేయతకు మధ్య ఉన్న ముడిని ఇంత తేటగా చూపించే వ్యవహారం నాకు మరొకటి దొరకలేదు.

ఇంగ్లండులో నాలుగు పెద్ద డివిజన్లలో కలిపి 92 క్లబ్బులు ఉన్నాయి. ఏటా పై డివిజన్ గెలిచేది ఒక్కటే. అంటే మిగతా తొంభైఒక్క క్లబ్బుల మనుషులు ఏడాది పొడుగునా ఎక్కువగా ఓటమినో, ఓటమిలాంటి డ్రానో తింటూ ఉంటారు. కొన్ని క్లబ్బులు నూరేళ్లకు పైగా ఉండి కూడా చెప్పుకోదగ్గ కప్పు ఒక్కటీ తేలేదు. అయినా శనివారం మధ్యాహ్నం మూడింటికి ఆ జనం అక్కడే ఉంటారు. తర్కంతో ఎంచుకునే పనే అయితే ఈ క్లబ్బులు ఏనాడో మూతపడాలి.

అక్కడ పిల్లవాడు అభిమాని అయ్యే తీరు మనం సంతకు వెళ్లడం నేర్చుకున్న తీరు లాంటిదే. ఆరేడేళ్ల వయసులో నాన్నో, తాతో, మేనమామో చెయ్యి పట్టుకుని తీసుకెళతాడు. మైదానం సాధారణంగా ఇంటికి నడిచి వెళ్లేంత దూరమే. వాడికి ఆట అర్థం కాదు. ముందున్న పెద్దవాళ్ల వీపులు, చలి, ఉడకబెట్టిన మాంసం వాసన, ఒక్కసారిగా లేచే అరుపు, ఇవే తెలుస్తాయి. ఇంట్లో నోరు మెదపని నాన్న అక్కడ గొంతు చించుకోవడం చూస్తాడు. నాన్నలో ఇంకో మనిషి ఉన్నాడని ఆ రోజు తెలుస్తుంది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మరో రెండేళ్లకు తెలుస్తుంది. కారణాలు అన్నిటికంటే చివర వస్తాయి, అవి కూడా ఎవరైనా అడిగితేనే. పెద్దయ్యాక వాడు ఉద్యోగం మారవచ్చు, పార్టీ మారవచ్చు, మతం కూడా మారవచ్చు. క్లబ్బు మారిస్తే మాత్రం తోటివాళ్లు వాడిని వింతగా చూస్తారు.

ఇప్పుడు ప్రశ్న. అలా కట్టుబడ్డవాడు దేనికి కట్టుబడ్డట్టు? ఆటగాళ్లకా? వాళ్లు రెండు మూడేళ్లకు వెళ్లిపోతారు. యజమానికా? వాడి పేరు కూడా సగం మందికి పట్టదు. చొక్కా రంగుకా, పేరుకా, నేలకా? మామూలు రోజుల్లో ఇవన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ఎవరూ అడగరు. విడగొట్టినప్పుడే అడగాల్సి వస్తుంది.

వింబుల్డన్‌లో విడగొట్టారు. లండన్ నైరుతి మూలన ఉన్న ఆ ఊరు మనకు టెన్నిస్ వల్ల తెలుసు. అక్కడ 1889లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు చాలాకాలం చిన్న క్లబ్బే. ప్లౌ లేన్ అనే మైదానంలో ఆడేది. ఆ పేరుకు నాగలి సందు అని అర్థం చెప్పుకోవచ్చు, నాకు నచ్చిన పేరు. 1977లో లీగులోకి వచ్చి, తొమ్మిదేళ్లలో పై డివిజన్‌కు ఎక్కి, 1988లో ఎఫ్.ఏ. కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. 1991లో మైదానం వదిలి ఇంకో క్లబ్బు మైదానంలో అద్దెకు చేరింది. తాత్కాలికమే అన్నారు. (తాత్కాలికం అన్న మాట వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి.) పాత మైదానాన్ని అమ్మేశారు, తర్వాత అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. చివరికి యజమానులు క్లబ్బును దాదాపు తొంభై కిలోమీటర్ల అవతలి మిల్టన్ కీన్స్ అనే కొత్త పట్నానికి తరలిస్తామన్నారు. 2002 మే నెలలో ముగ్గురు సభ్యుల కమిషన్ ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా ఒప్పుకుంది. అభిమానులు కొత్త క్లబ్బు పెట్టుకోవడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని కూడా నివేదికలో రాసింది.

విశాల ప్రయోజనం! ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ల వాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పాలా?

ఆ జనం ఏం చేశారో చూడండి. కొన్ని వారాల్లోనే ఏ.ఎఫ్.సి. వింబుల్డన్ అని తమదే ఒక క్లబ్బు పెట్టుకున్నారు. జూన్‌లో ఊరి బయలు మీద, ఆడగలమనుకునేవాళ్లంతా రండి అని పిలిచారు. రెండొందల మందికి పైగా వచ్చారు. జూలైలో మొదటి స్నేహపూర్వక ఆట 4-0తో ఓడిపోయారు. చూడటానికి నాలుగు వేలకు పైగా జనం వచ్చారు. తొమ్మిదో మెట్టు లీగు నుంచి మొదలుపెట్టి, 2011లో లూటన్‌ను పెనాల్టీల్లో ఓడించి మళ్లీ ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కారు. 2020 నవంబర్‌లో పాత మైదానానికి కూతవేటు దూరంలో కట్టుకున్న కొత్త ప్లౌ లేన్‌కు తిరిగొచ్చారు. కరోనా వల్ల మొదటి ఆటకు ఖాళీ మెట్లే ఉన్నాయి. క్లబ్బులో పెద్ద వాటా నేటికీ అభిమానుల ట్రస్టుదే.

చట్టం దృష్టిలో క్లబ్బు మిల్టన్ కీన్స్‌కు వెళ్లింది. ఆటగాళ్లూ వెళ్లారు, లీగులో స్థానమూ వెళ్లింది. వెళ్లనిది పక్కపక్కన నిలబడే మనుషుల వరస. ఆ వరసే క్లబ్బు అని వాళ్లు తేల్చారు. నాన్న పక్కన నిలబడ్డవాడికి ఆ చోటే ముఖ్యం. కాబట్టి పుట్టుకతో వచ్చిన బంధాన్ని కూడా ఒకరోజు చేతులతో కట్టాల్సి వస్తుంది. ఎంచుకోవడం అంటే నేను ఒప్పుకునేది ఇదే: ముందే ఉన్నదాన్ని పోనివ్వకుండా పట్టుకోవడం.

మనకు దగ్గరలో జరిగింది ఇంతకన్నా నిశ్శబ్దంగా జరిగింది. 2019లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2022లో గోవాలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. 2025లో ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది. ఆరేళ్లు. గచ్చిబౌలికి నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిన పిల్లవాడు తన పిల్లవాడిని తీసుకెళ్లేంత వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

కలకత్తాలో తిరగబడ్డ ఉదాహరణ ఉంది. వింబుల్డన్ వాళ్లకు నేల మిగిలి క్లబ్బు పోయింది. తూర్పు బెంగాల్ వాళ్లకు నేల పోయి క్లబ్బు మిగిలింది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు 1920లోనే కలకత్తాలో పుట్టింది. 1947 తర్వాత ఇల్లూ పొలమూ వదిలి వచ్చినవాళ్లకు, పోయిన దేశం పేరు పలకడానికి మిగిలిన చోట్లలో ఆ మైదానం ఒకటి. గెలిస్తే ఇంట్లో పులస జాతి ఇలిశ చేప, మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్ల ఇంట్లో రొయ్యలు. ఆ చొక్కా వేసుకున్నవాళ్లందరూ తూర్పు బెంగాల్ బిడ్డలేం కాదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాంను ఆ జనం తమవాడిని చేసుకున్నారు. ఆయన చివరిదాకా బెంగాల్‌లోనే ఉండి 2023లో అక్కడే కన్నుమూశాడు. వరసలోకి కొత్తవాడిని పిలుచుకునే తీరు ఉంటేనే పుట్టుక సంకెల కాకుండా ఉంటుంది. మన గూడేల్లో బయటివాళ్లకు వరస కలిపి మామా, బావా అని పిలవడం అలాంటిదే.

అయితే అదే మైదానాల నగరంలో 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు క్లబ్బుల ఆటలో గొడవ రేగి పదహారు మంది చనిపోయారు. వాళ్లూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లబడ్డ పిల్లలే ఒకప్పుడు. "మనవాళ్లు" అన్న మాటను ఎంత ప్రేమగా నేర్పుతామో, "వాళ్లు" అన్న మాటను అంత తేలిగ్గా నేర్పుతాం. దీనికి నా దగ్గర మందు లేదు. ప్రేమ లేకుండా చేస్తే ద్వేషం పోతుందనే వాదన మాత్రం ఒప్పుకోను, ఎలుకల కోసం ఇల్లు తగలబెట్టడమే అది.

నన్ను ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది మిల్టన్ కీన్స్ పిల్లవాడు. తరలించిన క్లబ్బుకు 2004లో ఎం.కె. డాన్స్ అని పేరు పెట్టారు. అప్పటి నుంచి ఆ పట్నంలో ఒక తరం పెరిగింది. వాళ్లనూ నాన్నలు చెయ్యి పట్టుకునే తీసుకెళ్లారు. వాళ్లకూ అదే చలి, అదే అరుపు. తమ ఊరి జట్టును ప్రేమించడం తప్ప వాళ్లు చేసిన పాపం ఏమీ లేదు. మన ఏజెన్సీలోనూ ఇలాంటి పిల్లలున్నారు. చేతులు మారకూడని భూమి చేతులు మారి, అక్కడ లేచిన ఇంట్లో పుట్టి, ఆ వాగులో ఈదుతూ పెరిగి, ఇదే నా ఊరు అనేవాళ్లు. వాళ్ల ప్రేమ అబద్ధం అని నేను అనలేను. ఆ ప్రేమ వల్ల 1/70 చట్టం చెల్లకుండా పోతుందనీ అనలేను. ప్రేమ నిజమైనంత మాత్రాన పట్టా నిజం కాదు. తండ్రి చేసిన దానికి కొడుకు దొంగ కాడు. కానీ ఆ సంగతి తెలిశాక ఏం చేస్తాడన్నది వాడి లెక్కే.

మిల్టన్ కీన్స్ వాళ్లు ఒక పని చేశారు. 1988 కప్పుతో సహా పాత క్లబ్బు చరిత్ర తమది కాదని ఒప్పుకుని, 2007లో ఆ గుర్తులను వింబుల్డన్ ఉన్న మెర్టన్ బరోకు తిరిగి ఇచ్చేశారు. తమ చరిత్ర 2004 నుంచే మొదలవుతుందన్నారు. క్లబ్బును ఎవరూ మూసేయలేదు, పిల్లలను ఎవరూ వెళ్లగొట్టలేదు. పేరులో "డాన్స్" అన్న ముక్క మాత్రం ఉండిపోయింది. అది ఆడే డాన్సు కాదు, వింబుల్డన్ అన్న మాట చివరి నుంచి పుట్టిన ముద్దుపేరు. దాన్ని కూడా వదిలేయమని ప్లౌ లేన్ వాళ్లు అడుగుతూనే ఉన్నారు.