ఒకటి అనేకాలలో పూర్తిగా ఉండగలదా?

ఒకే పదార్థం ఏకకాలంలో పలుచోట్ల, ప్రతిచోటా పూర్తిగా ఉండగలదా అన్నది తత్వశాస్త్రంలో తెగని ప్రశ్న. ప్లేటో ‘పార్మెనిడీస్’లో సోక్రటీసు పగటిని ఉదాహరణగా చూపుతాడు: పగలు ఒక్కటే, అయినా అన్నిచోట్లా ఉంటుంది. పార్మెనిడీస్ అందుకు బదులుగా చాలామందిపై కప్పిన తెరచాపను చూపుతాడు: ఒక్కొక్కరి మీద ఉండేది అందులో ఒక ముక్కే. ఆంధ్ర పండితుడు అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’లో సామాన్యానికి, అంటే అనేక వస్తువులలో ఒకటిగా ఉండే ధర్మానికి, మూడు లక్షణాలు చెప్పాడు: నిత్యత్వం, ఏకత్వం, అనేకాలలో ఉండటం. అలాంటి పదార్థమే అసంభవమని బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి వాదించాడు.

వర్చువల్ మెషీన్ల నిల్వ వ్యవస్థలో ఈ ప్రశ్నను దగ్గరగా పరిశీలించవచ్చు. వర్చువల్ మెషీన్లను నడిపే కంప్యూటరు హోస్ట్, అందులో నడిచే ఒక్కో వర్చువల్ మెషీన్ గెస్ట్. హోస్ట్‌లోని ఒకే డిస్క్ ఇమేజ్‌ను ఎన్ని గెస్ట్‌లకైనా రీడ్-ఓన్లీగా ఇవ్వవచ్చు. ఒకటి చదివినందువల్ల మరొకదానికి తరిగేదేమీ లేదు. ఏ గెస్ట్‌కైనా సొంత మార్పులు అవసరమైతే క్యూకౌ2 అనే డిస్క్ ఇమేజ్ పద్ధతిలో దానికి వేరే పొర ఉంటుంది. గెస్ట్ తన హోస్ట్‌నేమ్ ఫైలులో ఒక్క అక్షరం దిద్దినా, ఆ అక్షరం ఉన్న క్లస్టర్, మామూలుగా 64 కిలోబైట్లు, మొత్తంగా ఆ పొరలోకి చేరుతుంది. మూలం చెక్కుచెదరదు. భేదమంతా పొరలదే.

రాయడానికి అనుమతిస్తే ఈ ఏకత్వం నిలవదు. ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్‌ను రెండు గెస్ట్‌లు ఒకేసారి మౌంట్ చేసి రాస్తే, ఖాళీ జాగా లెక్క దేని క్యాష్‌లో దానికే ఉంటుంది. ఒకే బ్లాకును రెండూ వాడుకుని డేటాను పాడుచేస్తాయి. గెస్ట్‌లు చదవడానికే పరిమితమైనా చాలదు. హోస్ట్ రాస్తూ ఉంటే గెస్ట్ క్యాష్‌లోని డైరెక్టరీ పాతది, డిస్క్ మీది బ్లాకు కొత్తది అవుతాయి. రాయకూడదన్న మాట డిస్క్‌ను ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఇద్దరికీ వర్తించాలి. పైగా సరిగా అన్‌మౌంట్ కాని ఈఎక్స్‌టీ4ను రీడ్-ఓన్లీగా తెరిచినా, డిస్క్‌కే రాత నిషేధం లేకపోతే లైనక్స్ జర్నల్‌ను అమలుచేసి, అంటే అందులో మిగిలిన మార్పులను వర్తింపజేసి, డిస్క్‌పై రాస్తుంది. అందుకే నిషేధం చదివేవారి సంకల్పంలో కాక డిస్క్‌లోనే ఉండాలి.

మారే వస్తువును పంచుకోవాలంటే మధ్యవర్తి కావాలి. వర్టియోఎఫ్ఎస్ అనే ఫైల్ షేరింగ్ పద్ధతిలో గెస్ట్‌లు బ్లాకులను నేరుగా తాకవు. ఫైళ్ల కోసం హోస్ట్‌ను అడుగుతాయి. అక్కడ ఏకత్వాన్ని కాపాడేది హోస్ట్ తీర్పు.

దీన్నిబట్టి అన్నంభట్టు చెప్పిన మూడు లక్షణాలు విడివిడి విశేషణాలు కావని తెలుస్తుంది. మారనిదే, మధ్యవర్తి లేకుండా, ఒకటిగా ఉంటూ అనేకాలకు పూర్తిగా అందగలదు. అయితే ఈ పోలికకు హద్దుంది. డిస్క్‌కు భాగాలున్నాయి, చోటుంది. పంచుకున్నంత కాలం మారకుంటే చాలు, నిత్యం కానక్కరలేదు. కాబట్టి సామాన్యం ఉందని ఇది రుజువు చేయదు, ధర్మకీర్తి ఆక్షేపాన్ని తొలగించదు. సామాన్యం ఉంటే దానికి మార్పులేనితనం ఎందుకు తప్పనిసరో మాత్రం స్పష్టం చేస్తుంది.