గోడ వయసు, మనిషి వయసు

హైదరాబాదు ఇంటి పన్ను లెక్కలో ముసలితనానికి మన్నన ఉంది, కాకపోతే అది గోడలకు మాత్రమే. 1955 నాటి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 40 ఏళ్లు దాటిన భవనానికి అద్దె విలువలో 30 శాతం తగ్గిస్తుంది. ఆ గోడల మధ్య ఉంటున్న మనిషికి ఎనభై నిండినా, మంచం దిగలేకపోయినా లెక్క మారదు. ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందన్న అంచనాయే పన్నుకు ఆధారం. నెలసరి అద్దె విలువ 300 రూపాయలు దాటితే 30 శాతం శ్లాబు. ఓ మోస్తరు ఇల్లేదైనా ఆ గీత దాటుతుంది. 1998లో సైబర్ టవర్స్ ఐటీ భవనం వచ్చాక మాదాపూర్, కొండాపూర్ ఊళ్లు నగరమయ్యాయి. 2007లో అవి ఉన్న శేరిలింగంపల్లి గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో (జీహెచ్ఎంసీ) కలిసింది. అక్కడే పుట్టి, అదే ఇంట్లో ముసలివాళ్లయినవారు చేతికి రాని అద్దె మీద పన్ను కడుతున్నారు.

ఇక్కడున్నది ధర్మ సందేహమే: తల దాచుకునే ఇల్లు సంపద అవుతుందా? ముస్లింలు విధిగా ఇచ్చే దానమైన జకాత్ లెక్కలో తాము నివసించే ఇంటిని కలపరు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం చూపు లేనివారిని, నడవలేనివారిని, డెబ్బై ఏళ్ల వృద్ధులను పన్ను అడగవద్దంటుంది. అదే శ్లోకం వేదం చదివిన శ్రోత్రియులకు మేలు చేసేవారినీ ఆ వరుసలో కూర్చోబెట్టింది. అంటే అశక్తతకు ఇచ్చిన మినహాయింపు పక్కనే హోదాకు ఇచ్చిందీ ఉంది. రెండోదాన్ని మనం నిస్సంకోచంగా వదిలేయవచ్చు. విచిత్రమేమిటంటే, మన నగరం వదిలేసింది మొదటిదాన్ని. ఏడాది పన్ను ఏప్రిల్‌లోనే కట్టేవారికి 5 శాతం రాయితీ ఇస్తుంది; అది చేతిలో నగదు ఆడేవారికి దక్కే బహుమానం. బకాయిపడ్డవారికి 2020, 2022, 2024లలో వడ్డీలో 90 శాతం మాఫీ చేసింది. ఎగ్గొట్టినవారి మీద చూపిన దయ కట్టలేనివారి మీద ఎందుకుండదు?

కోటి రూపాయల ఫ్లాటున్న మనిషి పేదవాడెలా అవుతాడు, అమెరికాలో ఉన్న కొడుకు తండ్రి పేరు చెప్పుకొని లాభపడడా అని అడగవచ్చు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టేయలేం. రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపాల ఖర్చు ఎవరో ఒకరు భరించాల్సిందే. పెద్దలకిచ్చిన మాఫీ భారం పక్కింటి జీతగాడి మీద పడితే అదీ అన్యాయమే. అందుకే పూర్తి మాఫీ కన్నా వాయిదా మేలు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 55 ఏళ్లు దాటినవారు ఇంటి పన్నును వాయిదా వేసుకోవచ్చు. బాకీ ఇంటి మీదే ఉంటుంది, ఇల్లు అమ్మినప్పుడు వడ్డీతో వసూలవుతుంది. ఇలా చేస్తే తండ్రికి ఊరట దక్కుతుంది, భారం వారసుడికి చేరుతుంది. దుర్వినియోగానికి హద్దులు గీయడమూ కష్టం కాదు. ఢిల్లీ కార్పొరేషన్ సీనియర్ సిటిజన్లకు, వికలాంగులకు ఇచ్చే 30 శాతం రాయితీని 200 చదరపు మీటర్ల వరకే పరిమితం చేసింది.

అద్దె ఆదాయం లేని ఒకే ఒక్క సొంతిల్లు, అందులోనే నివాసం, పింఛను తప్ప వేరే రాబడి లేకపోవడం: ఈ మూడూ ఉన్న వృద్ధులకు, వికలాంగులకు పన్ను వాయిదా వేసుకునే హక్కు కల్పించాలి. 1955 చట్టానికి శాసనసభ ఒక్క సవరణ చేస్తే సరిపోతుంది.