అమ్మకు ముందు కథ

అమ్మ సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక, మా తమ్ముడు గోడమీది ఫోటోకేసి చూస్తూ నిట్టూర్చాడు.

"అమ్మ తనకోసం ఏనాడూ ఏదీ కోరుకోలేదక్కా! ఉద్యోగం, గిద్యోగం అన్న ఆలోచనే ఉండేది కాదు. ఇల్లే ఆవిడ లోకం" అన్నాడు.

అన్నది నాతోనే గాని, ఆ మాట వెళ్ళి తగలవలసింది వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా మరదలికి. పిల్లాడు బడిలో కుదురుకున్నాడు కదా, మానేసిన లెక్చరర్ ఉద్యోగంలో మళ్ళీ చేరతానని ఆ అమ్మాయి ఆర్నెల్లుగా అడుగుతోంది. గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

నేను మాట్లాడలేదు. మాట్లాడవలసిన మాట నా దగ్గర ఉంది. అమ్మ ట్రంకుపెట్టె అడుగున, పట్టుచీర మడతలో దొరికిన ఒక కాగితం అప్పటికి నాలుగు నెలలుగా నా బీరువాలో ఉంది.

ఆ కాగితం సంగతి చెప్పేముందు ఒక ఇంగ్లీషు కుటుంబం గురించి చెప్పాలి. వాళ్ళకూ మాకూ ఏమీ కారు. అయినా ఆ వారమంతా వాళ్ళే నా బుర్రలో తిరిగారు.

లండన్‌లో పెక్‌హామ్ అనే పేట ఉంది. అక్కడి ట్రాటర్ల కుటుంబం మీద జాన్ సల్లివన్ అనే రచయిత 1981లో 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' అనే హాస్య సీరియల్ మొదలుపెట్టాడు. అన్న డెల్, తమ్ముడు రాడ్నీ. నాసిరకం సరుకు అమ్ముకుంటూ, వచ్చే ఏడాదికల్లా లక్షాధికారులమైపోతామని కలలు కంటూ ఒక పాత ఫ్లాటులో కాపురం ఉంటారు. 1996 క్రిస్మస్‌కు వచ్చిన ఒక భాగాన్ని ఆ దేశంలో 2 కోట్ల 40 లక్షల మంది చూశారంటే, ఆ అన్నదమ్ములు ఎన్ని ఇళ్ళలో సొంతమనుషులయ్యారో మీరే ఊహించండి.

అందులో వాళ్ళమ్మ కనబడదు. ఆవిడ పేరు జోన్. 1964లోనే పోయింది. కాని ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా మాట్లాడేది ఆవిడే! ఎలాగంటారా? రాడ్నీ ఏదైనా ఎదురు చెప్పాడంటే చాలు, డెల్ గొంతు మార్చి, అమ్మ పోయేముందు నన్ను పక్కన కూచోబెట్టుకుని ఇలా అందిరా అని మొదలుపెడతాడు. ప్రతిసారీ ఆవిడ ఆఖరి మాట డెల్‌కి ఆ పూట ఏది కావాలో సరిగ్గా అదే. అవసానదశలో పాపం అన్ని మాటలు మాట్లాడటానికి ఆవిడకు ఊపిరి ఎలా చాలిందో! చూసేవాళ్ళం పడీ పడీ నవ్వుతాం.

చాలా ఏళ్ళ తర్వాత, 2010లో, అదే రచయిత 'రాక్ అండ్ చిప్స్' అని ఇంకో కథ రాశాడు. ముందు జరిగిన కథను తర్వాత చెప్పడం అన్నమాట. ఇదేమీ మనకు కొత్త కాదు. రావణుడు చచ్చాక కదూ, ఉత్తరకాండలో వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుస్తాయి! ఈ కథ 1960లో జరుగుతుంది. పటంలో దేవతలా ఉన్న జోన్ ఇందులో మనిషై నడిచి వస్తుంది.

వస్తే ఏముంది? తాగుబోతు సోమరి మొగుడు. పనిచేసే సినిమాహాల్లో మేనేజరు వెకిలి చూపులు. పదిహేనేళ్ళ డెల్ ఒక్కడే ఆవిడకు వెలుగు. ఆ దశలో ఫ్రెడీ అనేవాడు తారసపడతాడు. జైలునుంచి అప్పుడే బయటికొచ్చిన దొంగ. కాని చిత్రకళ తెలిసినవాడు, మర్యాదగా మాట్లాడేవాడు. ఆవిడను మనిషిగా చూసినవాడు. రాడ్నీ అతని కొడుకే. ఆ సంగతి చూసేవాళ్ళకు చెప్పనక్కర్లేకుండా, పెద్దయిన రాడ్నీగా ఇన్నేళ్ళు వేసిన నటుడు నికొలస్ లిండ్‌హర్స్ట్ చేతనే ఫ్రెడీ వేషం వేయించారు. ముమ్మూర్తులా తండ్రి పోలిక అంటామే, అది!

కొత్తగా కట్టిన ఎత్తైన భవనంలో ఫ్లాటు దొరికిందని జోన్ మురిసిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత కొడుకులు పాతబడిన గోడల మధ్య, చెడిపోయే లిఫ్టుతో వేగేది ఆ ఫ్లాటులోనే. ఆవిడకు మిగిలింది నాలుగేళ్ళే. ఆ సంగతి ఆవిడకు తెలియదు, మనకు తెలుసు. సల్లివన్ కూడా 2011 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. మూడో భాగం ఆ తర్వాత కొద్ది రోజులకే వచ్చింది. కథ అక్కడితో ఆగిపోయింది.

అది చూశాక డెల్ చెప్పే అమ్మ ఆఖరి మాటలకు మునుపటిలా నవ్వలేకపోయాను. వాడు అబద్ధాలకోరు కాడు. అమ్మను ప్రాణంగా ప్రేమించినవాడే. కాని ఆవిడ మనసులో ఏముందో తెలియనివాడు. తెలియని చోటల్లా తనకు కావలసింది నింపుకున్నాడు.

మా తమ్ముడూ అంతే కదా!

ఇక కాగితం సంగతి. 1974లో అమ్మకు వచ్చిన ఉత్తర్వు అది. ఏలూరులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరమని. అదే నెలలో పెళ్ళి కుదిరింది. కోడలు ఉద్యోగం చేయడం మగపెళ్ళివారికి ఇష్టం లేదు. ఈ సంగతి మా పెద్దత్తయ్య చెబితే ఇప్పుడు తెలిసింది. అమ్మ మాత్రం మాతో ఎప్పుడూ, "ఉద్యోగాలంటే నాకు చిన్నప్పట్నించీ సరిపడదే" అనేది. నేను నమ్మాను. నా నవలల్లో అలాంటి తల్లుల్ని రాశాను కూడా!

కాగితం వెనకవైపు పెన్సిలుతో లెక్కలున్నాయి. గది అద్దె. బియ్యం, కిరసనాయిలు. నాన్నకు పంపేది. తమ్ముడి ఫీజు. చిట్టచివర, 'చీర 1'. ఆ చీర మీద అడ్డంగా ఒక గీత. లెక్క కుదరలేదు కాబోలు, కొట్టేసింది.

చెప్పాలా, వద్దా? నాలుగు నెలలు ఇదే నలిగింది నాలో. అమ్మ దాచిందంటే తెలియకూడదనేగా! నాన్నకు మాట రాకూడదని జీవితమంతా ఆ అబద్ధం ఆడింది. ఆవిడ కప్పిన దుప్పటి లాగడానికి నేనెవర్ని? అన్ని రహస్యాలూ బయటపెట్టి తీరాలన్న వాదం నాకు నచ్చదు. జోన్ రహస్యం పసి రాడ్నీ ముందు ఎవరైనా విప్పి ఉంటే ఏమయ్యేది? వాడు ఇల్లూ, పేరూ కోల్పోయేవాడు. అక్కడ మౌనమే దయ.

మరి ఇక్కడ? నా మౌనం ఖరీదు ఎవరు కడుతున్నారు? నేను కాదు, తమ్ముడు కాదు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న పిల్ల. లేని అమ్మనొకదాన్ని తయారుచేసి, ఆ అమ్మతో పోటీకి నిలబెట్టాం దాన్ని.

ఇంకో సంగతీ తట్టింది. కోరికే లేకపోతే త్యాగం ఎక్కడిది? ఆకలి లేనివాడు అన్నం వదిలేస్తే దాన్ని ఉపవాసం అంటామా? అమ్మకు ఏ కోరికా లేదని పొగిడినప్పుడల్లా, తమ్ముడు ఆవిడ వదులుకున్నదాన్ని లెక్కలోంచి కొట్టేస్తున్నాడు. ఆ చీర మీద గీతలాగే.

అయితే నాకూ ఒక భయం ఉంది. వాడు ఒక అమ్మను ఆయుధంగా వాడుతున్నాడు. నేను ఆ కాగితం ఝళిపిస్తూ, అమ్మ బతికుంటే నీ పెళ్ళాన్ని ఉద్యోగానికి పొమ్మనేది అంటే, నేనూ డెల్‌నే కదా? ఆవిడ ఏమనేదో నాకేం తెలుసు? అద్దె, బియ్యం, ఫీజు, ఒక చీర. నాకు తెలిసింది ఇంతే.

అందుకని వాదన పెట్టుకోలేదు. మర్నాడు వాడు బయల్దేరుతుంటే కాగితం చేతికిచ్చి, "అమ్మదిరా, చదువుకో" అన్నాను. ముందువైపు గబగబా చదివాడు. వెనక్కి తిప్పి చాలాసేపు చూశాడు.

"చీర ఎందుకు కొట్టేసిందక్కా?" అన్నాడు.

చిన్నప్పుడు లెక్క తప్పితే నా దగ్గరికి వచ్చేవాడే, ఆ గొంతుతో. నేను జవాబు చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మరదలి ఉద్యోగం సంగతి వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి. ఏం తేల్చుకున్నారో నేను ఫోన్ చేసి అడగలేదు. కాని నిన్న ఆ అమ్మాయే చేసి, "వదినా, అత్తయ్యగారిది ఏ ఊళ్ళో పోస్టు?" అని అడిగింది. ఏలూరని చెప్పాను.

ఇదంతా విని మా అమ్మాయి, "మరి నీ పెట్టెలో ఏం దాచావమ్మా?" అంది. "ఏమీ లేదు, పోవే!" అని కసిరాను.

అమ్మ కూడా ఇదే గొంతుతో అనేది కాబోలు. ఇంత నీతి చెప్పానే గాని, ఆ రోజునుంచి బీరువా తాళంచెవి మాత్రం వేరే చోట పెడుతున్నాను.