గోపురమెక్కిన వాక్కు

వాక్కు భగవంతుడు మానవునకు అనుగ్రహించిన వరము. నామసంకీర్తనకును, పరనిందకును సాధనము ఆ నాలుకయే. నాలుక చేయు పనిని నేడు వ్రేలికొన చేయుచున్నది. ఈ మార్పు మొదలైన దినములలో పెరిగిన బాలబాలికలు నేడు తల్లిదండ్రులై తమ బిడ్డలను పెంచుచున్నారు. వారి అనుభవము నుండి గ్రహింపదగిన ధర్మమేది?

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరు పారిశ్రామిక వాటికకు చేరువనున్న వెలిమెల వంటి గ్రామములను తలచినచో ఈ ప్రశ్న స్పష్టమగును. ఆ ప్రాంతమున ఒకవైపు 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధనా క్షేత్రము, మరొకవైపు రామచంద్రాపురములోని భెల్ కర్మాగారము, నడుమ బ్రతుకుతెరువుకై పలు రాష్ట్రముల నుండి వచ్చి చేరిన కుటుంబములు కలవు. పూర్వము పల్లెలో ఒకని మాట వినువారు రచ్చబండ కడ కూర్చున్న పదిమందియే. మాట తప్పినచో పెద్దలు అప్పుడే మందలించెడివారు. 2004 జనవరిలో ఆర్కుట్, మరుసటి నెలలో ఫేస్‌బుక్ పుట్టినవి. కొలది సంవత్సరములలోనే విద్యార్థులు నెట్ సెంటర్లలో గంటకింతయని చెల్లించి ఆర్కుట్ తెరచుట పరిపాటియైనది. రచ్చబండకు ఎల్లలు లేకపోయెను; మందలించు పెద్దలును లేకపోయిరి.

అందువలన కలిగిన మేలు స్వల్పము కాదు. తండ్రుల బదిలీలతో చెదరిపోయిన సహాధ్యాయులు మరల కలిసికొనిరి. విదేశములకేగిన బిడ్డల యోగక్షేమములు ఇంటికి తెలిసినవి. నలుగురిలో నోరు మెదపలేని పిల్లలకు తమవంటి మనస్సు గలవారు దొరికిరి. కీడును స్వల్పము కాదు. ముఖము కనబడనిచోట జంకు పోయెను. అపరిచితులు మిత్రుల వేషమున వచ్చిరి. 2009లో ఫేస్‌బుక్ 'లైక్' మీటను ప్రవేశపెట్టగా, ఎందరు మెచ్చిరను లెక్కయే తమ విలువయని లేతమనస్సులు భ్రమించుటకు మార్గమేర్పడెను.

ఇచట శ్రీవైష్ణవ గురుపరంపర చెప్పు వృత్తాంతము స్మరింపదగును. భగవద్రామానుజులు పదునెనిమిది మారులు తిరుక్కోష్టియూరునకు వెళ్ళి గోష్ఠీపూర్ణుల వలన రహస్యార్థమును పొందిరి. దానిని వెల్లడించినవానికి నరకము తప్పదని గురువు హెచ్చరించియుండిరి. అయినను ఉడయవరులు ఆలయ గోపురమెక్కి దానిని ఎల్లరకు వినిపించిరి. తానొక్కడు నరకమునకు పోయినను ఇందరు తరింతురు గదా యని వారి భావము. వారి మాట అందరికి చేరెను. దాని ఫలమును మాత్రము వారు తమ శిరస్సుననే ధరించిరి.

నేడు చేతనున్న ఫోను ప్రతి బాలునికి ఒక గోపురమే. ఎక్కుట సులభము, భారము వహించుటయే కరవు. మారుపేరు స్వతహాగా దోషము కాదు. బలవంతుని అన్యాయమును చాటు బలహీనునకు అది కవచము. తన మాట వలన పరులకు కలుగు బాధ తనది కాదనుకొనుటయే దోషము.

2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడినది. పదునాలుగేండ్ల ప్రాయమున తోటి విద్యార్థినిని ఆమె మేనిరంగును బట్టి అందు గేలిచేసినవాడు, ఆ పుట పోయినది గనుక దోషమును పోయినదనుకొనవచ్చును. నేడతని కుమార్తె అట్టి మాటయే ఫోనులో చదివి అన్నము ముట్టక కూర్చున్ననాడు అది పోలేదని తెలియును.

దూర్వాసుని కథ ఇదియే బోధించును. అంబరీషునకు అపచారము చేసిన ఆ మహర్షిని సుదర్శన చక్రము తరిమెను. బ్రహ్మ కాపాడలేదు; రుద్రుడు కాపాడలేదు. శ్రీమన్నారాయణుడు సైతము తాను భక్తపరాధీనుడననియు, ఎవరిని నొప్పించితివో వారినే శరణువేడుమనియు చెప్పి పంపెను. భాగవతాపచారమునకు పరిహారము నొచ్చినవాని వాకిటనే కలదు. ఎన్ని పూజలు చేసినను ఆ నడక తప్పదు. తెరపై మాటను తుడిచివేయుట ఆ నడకకు బదులు కాజాలదు.

చట్టములు కొంత రక్షణ నీయగలవు. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల అనుమతి కావలెనని 2023లో భారత పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. కాని అనుమతినిచ్చు చేయియే రేయింబవళ్ళు ఫోను విడువనిచో బిడ్డ నేర్చునదేమి? సాయంసంధ్యలో దీపము పెట్టు వేళ ఇంటిల్లిపాదియు ఫోనులను ప్రక్కనుంచి, ఆనాడు వ్రాసిన మాటలలో ఎవరినైన నొప్పించినది కలదాయని తమను తాము ప్రశ్నించుకొనుట మేలు. ఉన్నచో పెద్దలే ముందుగా క్షమాపణ వేడవలెను. తండ్రి తన చిన్ననాటి తప్పును బిడ్డ యెదుట ఒప్పుకొని, నాటి సహాధ్యాయినిని వెదకి క్షమింపుమని కోరినచో, బిడ్డకు అంతకుమించిన పాఠము లేదు. వెదకుటకు ఆ సాధనమే తోడ్పడును.

గోపురమెక్కు ప్రతి వాక్కునకు ఉడయవరుల కరుణయు, అంబరీషుని క్షమయు తోడగునట్లు శ్రియఃపతి అనుగ్రహించుగాక!