కర్మ ఎవరిది, ఫలం ఎవరికి?

ఇల్లందు ఏజెన్సీలో భూమి పోయినా, గని మూతపడినా, పోడు మీద కేసు పడినా పెద్దవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: మా రాత ఇంతే. ఆ మాటలో ఓర్పు ఉంది, తరతరాల అలసట ఉంది. దాన్ని తేలిక చేసే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ మాట నిజమా కాదా అని విచారించే హక్కు మాత్రం ఆ ఇళ్ల పిల్లలకు తప్పకుండా ఉంది. విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం, చరిత్ర, అంతర్జాతీయ సంబంధాలు చదవడం దేనికని ఎవరైనా అడిగితే ఉద్యోగాల లెక్కతో జవాబు చెప్పడం మనకు అలవాటైపోయింది. నా దృష్టిలో అది మొదట ధర్మానికి సంబంధించిన ప్రశ్న. మనకు జరిగినదానిలో విధి ఎంత, మనుషులు కూర్చుని చేసిన నిర్ణయం ఎంత అన్నది తేలనిదే న్యాయం అడగడం సాధ్యం కాదు. ఆ తేల్చే పద్ధతిని నేర్పేవి ఈ మూడు చదువులే.

ఈ విచారణ మన సంప్రదాయానికి కొత్తది కాదు. దైవం గొప్పదా, పురుష ప్రయత్నం గొప్పదా అని అనుశాసన పర్వంలో ధర్మరాజు భీష్ముణ్ణి అడుగుతాడు. ప్రయత్నం లేనిదే దైవం ఫలించదన్నదే అక్కడ దొరికే సమాధానం. యోగవాసిష్ఠం ఇంకా ముందుకు వెళ్లి, దైవమని మనం పిలిచేది వెనకటి ప్రయత్నమే తప్ప వేరే శక్తి కాదంటుంది. కర్మ సిద్ధాంతానికి మూలసూత్రం కూడా అదే: చేసినవాడు లేకుండా ఫలం లేదు. వాడుకలోకి వచ్చేసరికి ఈ సూత్రం తలకిందులైంది. ఫలం అనుభవిస్తున్నవాడే కర్త అయి ఉంటాడని, ఈ జన్మలో కాకపోతే కిందటి జన్మలో చేసి ఉంటాడని తీర్పు ఇచ్చేస్తున్నాం. కిందటి జన్మ దాకా వెళ్లేముందు ఈ లోకపు కాగితాల్లో కర్త కోసం వెతకడం కనీస బాధ్యత కదా.

వెతికితే ఏం దొరుకుతుందో గోదావరి ఎడమ ఒడ్డు చెబుతుంది. 1860 ఒప్పందంతో నిజాం భద్రాచలం ప్రాంతాన్ని బ్రిటిష్ వారికి వదులుకున్నాడు. 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చి, 1959లో ఖమ్మం జిల్లాకు మారింది. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం వంటి మండలాలు తెలంగాణ నుంచి విడిపోయి ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఉన్నచోటి నుంచి కదలకుండానే ఒక కోయ గూడెం ఇన్ని ప్రభుత్వాల కిందికి వెళ్లింది. ఈ మార్పుల మధ్య అడవి చట్టం మారింది, శిస్తు లెక్క మారింది, అర్జీ పెట్టుకోవాల్సిన కచేరీ మారింది. గూడెంలో ఉన్నవాళ్లకు ఇది ఎండావానల్లా తమకు తాముగా వచ్చిపడినట్టే కనిపించి ఉంటుంది. ఒప్పందాలు, చట్టాలు చదివినవాళ్లకు మాత్రం ప్రతి మార్పు వెనకా ఒక తేదీ, కొన్ని సంతకాలు, కొన్ని ప్రయోజనాలు కనిపిస్తాయి.

ఇక్కడే కౌరవ సభలో ద్రౌపది వేసిన ప్రశ్న గుర్తుచేసుకోవాలి. తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పణంగా పెట్టే అధికారం ఎక్కడిదని ఆమె అడిగింది. తన తలరాతను తిట్టుకోవడంతో ఊరుకోలేదు. ఇచ్చినవాడికి ఇచ్చే హక్కు ఉందా అని నిలదీసింది. ధర్మం సూక్ష్మమని భీష్ముడు తప్పుకున్నాడు. నా లెక్కలో రాజనీతి శాస్త్రం మొత్తానికి ఇదే మూల ప్రశ్న. 1860లో భద్రాచలం అడవిని ఇచ్చినవారికి ఆ హక్కు ఎక్కడిది, పుచ్చుకున్నవారికి ఎక్కడిది, అందులో బతుకుతున్నవారి మాట ఎందుకు లెక్కకు రాలేదు అని అడగాలంటే ముందు ఆ ఒప్పందం ఒకటి ఉందని తెలియాలి.

ఇల్లందు బొగ్గు కథ మరింత దూరం తీసుకెళుతుంది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇక్కడ బొగ్గు నిల్వలను గుర్తించాడు. 1886లో లండన్‌లో ఏర్పడిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వే హక్కులు దక్కాయి. వాటాల్లో ఎక్కువ భాగం ఆ హక్కులు సంపాదించి పెట్టిన మధ్యవర్తుల చేతికి వెళ్లింది. నిజాం ఉన్నతాధికారి సర్దార్ అబ్దుల్ హక్ పేరు ఆ కుంభకోణంలో బయటపడింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఈ వ్యవహారంపై విచారణ సంఘాన్ని వేసింది. 1920లో దాని స్థానంలో ఏర్పడిన కంపెనీకి ఇల్లందు దాపునే ఉన్న సింగరేణి ఊరి పేరు పెట్టారు. బొగ్గుట్ట అని పిలుచుకునే ఇల్లందు నేల గురించి లండన్‌లో వాదోపవాదాలు జరుగుతున్నప్పుడు, ఆ నేల మీద ఉన్నవాళ్లకు ఆ సంగతే తెలిసి ఉండదు. అంతర్జాతీయ సంబంధాలంటే ఢిల్లీ పెద్దలకు, విదేశాంగ అధికారులకు సంబంధించిన చదువు అనుకునేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణ గురించి ఆలోచించాలి. అడవి అంచున ఉన్న పల్లెలకు ఆ చదువు మరీ అవసరం. వాటి తలరాత అనుకున్నది చాలాసార్లు సముద్రాల అవతల రాయబడింది.

ఈ వాదనకు మొదటి అభ్యంతరం కడుపు గురించి. కొత్తగూడెంలో గనుల ఇంజినీరింగ్ చదివితే సింగరేణిలో కొలువు రావచ్చు, చరిత్ర చదివితే ఏమొస్తుంది? పేద ఇంటి నుంచి వచ్చే ఈ ప్రశ్నకు బరువుంది. కానీ బొగ్గు తవ్వడం నేర్పే చదువు, ఆ నేల ఎవరిదన్న ప్రశ్న జోలికి పోదు. ఆ ప్రశ్నకు ఇక్కడ జవాబుగా నిలబడినవి రెండు: జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే 1970 నాటి భూబదలాయింపు నిబంధన, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు. రెండింటి వెనకా రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఉంది. దాని వెనక రంపా తిరుగుబాటు నుంచి 1917 ఏజెన్సీ చట్టం దాకా సాగిన చరిత్ర ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాకే నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను గిరిజనుల స్థితి పరిశీలించమంది. చట్టం ఎందుకు పుట్టిందో తెలియని తరం దాన్ని నిలబెట్టుకోలేదు. చదువు కూడు పెట్టకపోవచ్చు. కూడు పెట్టే నేలను కాపాడుతుంది.

రెండో అభ్యంతరం మరింత లోతైనది. కోయల చరిత్ర డోలీ గాయకుల పాటలో ఉంది, వేల్పుల కొలుపులో విప్పే బొమ్మల పడిగెల మీద ఉంది. కాకతీయులతో సమ్మక్క సారలమ్మల పోరును నిలిపి ఉంచింది ప్రధానంగా జనం నోరే. అలాంటప్పుడు విశ్వవిద్యాలయం వాళ్లకు కొత్తగా నేర్పేదేమిటి? ఈ మాటలో సగం నిజం. అనుభవించినదాన్ని జ్ఞాపకం భద్రంగా దాచగలదు. తమకు తెలియకుండా దూరాన జరిగిన ఒప్పందాన్ని మాత్రం ఏ జ్ఞాపకమూ దాచలేదు. కనుక పడిగె, దస్తావేజు రెండూ కావాలి. పడిగెను సాక్ష్యంగా స్వీకరించని చరిత్ర శాఖ అసంపూర్ణం. దస్తావేజు చేరని గూడెం నిరాయుధం.

విశ్వవిద్యాలయం నేర్పే చరిత్ర పాలకుల చరిత్రే కదా అన్నది మూడో మాట. 1918లో మొదలైన ఉస్మానియాలో బోధన ఉర్దూలో సాగింది. 1938లో వందేమాతరం పాడిన విద్యార్థులను బయటికి పంపారు. తెలుగువారి సాంఘిక చరిత్రను 1949లో అందించిన సురవరం ప్రతాపరెడ్డి ఆచార్య పదవిలో ఉన్నవారు కారు, పత్రికా సంపాదకులు. అయితే ఆయన రాజులను పక్కనపెట్టి జనం తిండి, బట్ట, ఆటపాటల కోసం కావ్యాలను గాలించినప్పుడు ఆధారాలను వడగట్టే చరిత్రకారుడి పద్ధతినే వాడారు. పాలకులు రాసిన చరిత్రను తప్పుపట్టడానికీ ఆ పద్ధతే సాధనం. భవనం ఎవరు కట్టించినా పద్ధతి అందరిదీ.

పాత గాయాలు రేపితే పగలు పెరుగుతాయన్న భయం కూడా ఉంది. పగను పెంచేది తెలియనితనమే. హైదరాబాద్ వివాదం 1948 సెప్టెంబరు 16న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ముందుకు వచ్చింది. మర్నాడే భారత సైనిక చర్య ముగిసింది. ఆ తరువాతి హింసపై పండిట్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. నిజం అందనిచోట రెండు వైపులా పుకార్లే చరిత్రగా చలామణి అయ్యాయి. ఎవరు ఏం చేశారో కచ్చితంగా తెలిస్తే నింద ఒక జాతి మీదో మతం మీదో పడదు. చేసినవారి మీదే ఆగుతుంది.

ములుగులో సమ్మక్క సారక్క పేరిట కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. అక్కడ ఈ మూడు శాఖలు బలంగా ఉండాలి. ఒప్పందాలు, చట్టాలు, తీర్పులు తెలుగులో, కోయ భాషలో చదువుకునే వీలుండాలి. చదువు సాగినన్నాళ్లూ పేద విద్యార్థికి వసతి, భోజనం లోటు రాకూడదు. మన ధర్మశాస్త్రాలు తప్పుకు ప్రాయశ్చిత్తం చెప్పాయి, కానీ ప్రాయశ్చిత్తం చేసుకోవలసింది తప్పు చేసినవాడు. కర్త పేరు తెలియనంతకాలం ఆ భారాన్ని బాధితుడే తన రాతగా మోస్తూ ఉంటాడు. కర్త ఎవరో తేల్చి చెప్పే చదువు అందుకే ఉద్యోగాల లెక్కకు లొంగేది కాదు. ఈ నేల మీద అది ధర్మాచరణలో భాగం.