పెట్రోలు మూత

విజయవాడలో ఒక కుర్రాడికి తండ్రి వాడిన కారు వచ్చింది. వెండి రంగు మెటాలిక్. షెడ్డు లేని ఇల్లు కావడంతో ఏళ్ల తరబడి వీధిలో ఎండకు ఎండిన బండి. ఒకరోజు గేట్లోకి తిప్పుతుంటే వెనక బంపర్ స్తంభానికి రాసుకుని, మూలన జానెడు మేర పెయింటు లేచిపోయింది. కింద నల్ల ప్లాస్టిక్ బయటపడింది. ఇంట్లోనే చేసుకుందామనుకున్నాడు.

కుర్రాడు పనిమంతుడే. డోరు తీస్తే పిల్లర్ మీద కనిపించే ప్లేటు చూసి రంగు కోడు రాసుకున్నాడు. పెయింట్ల కొట్లో ఆ కోడు చెప్పి బేస్ కోటు కలిపించి, స్ప్రే డబ్బాలో నింపించుకున్నాడు. బంపర్‌ని సర్ఫు నీళ్లతో కడిగి, జిడ్డంతా పోయేదాకా తుడిచి, వాటర్ పేపర్ పట్టాడు. బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. రంగు దాన్ని అంత తేలిగ్గా అంటదు. నేరుగా కొడితే కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడొస్తుంది. అది తెలిసినవాడు కాబట్టి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ కొట్టాడు. ఆ తర్వాత అడుగు దూరం నుంచి పల్చగా ఒక కోటు, అది ఆరాక ఇంకొకటి, చివరికి పైన క్లియర్. రంగు పట్టింది, మెరిసింది కూడా.

తెల్లారి ఎండలో చూస్తే బంపర్ ఒక బండిది, పక్క రేకు ఇంకో బండిది.

కొట్టువాడు తప్పు కలిపాడనుకున్నాడు. అదే కోడు ఇంకో కొట్లో చెప్పి కలిపించాడు. పాతదంతా రుద్దేసి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే తేడా. చివరికి, ఆటోనగర్‌లో చాలా ఏళ్లు పెయింటింగ్ చేసి మానేసిన మేస్త్రి వీధి చివర ఉంటే అక్కడికి వెళ్లాడు.

"మేస్త్రీ గారూ, కోడు సరిగ్గానే ఉంది. రంగే కలవడం లేదు."

"కోడు బండి పుట్టినప్పటిది బాబూ. నువ్వు కలపాల్సింది ఇప్పటి బండితో. వెళ్లి పెట్రోలు మూత ఊడదీసి పట్టుకురా."

మూత వచ్చింది. మేస్త్రి గుడ్డకు కాస్త రబ్బింగ్ కాంపౌండ్ అద్ది సగం మూత మీద రుద్దాడు. గుడ్డకు బూడిద రంగు మరక అంటింది, మూత ఒక పక్క తేటపడింది. "మురికితో మ్యాచ్ చేస్తే బండి కడిగిన రోజున దొరికిపోతావు. ముందు ఈ రేకు అసలు రంగు కనపడాలి," అన్నాడు.

తర్వాత ఇద్దరూ మూత పట్టుకుని కొట్టుకెళ్లారు. ఒకే కోడుకు పెయింటు కంపెనీలు కొన్ని ఛాయలు ఉంచుతాయి, ఒకటి కాస్త పసుపు వైపు, ఒకటి నీలం వైపు. రంగు చీటీలు ఒక్కొక్కటే మూత పక్కన పెట్టి, ఎండలోకి తెచ్చి చూశారు. ఇంటికొచ్చాక మేస్త్రి నేరుగా బంపర్ మీద కొట్టనివ్వలేదు. ముందు అట్టముక్కల మీద కొట్టించాడు, ఒకటి తడిగా, ఒకటి పొడిగా. మెటాలిక్‌లో ఉండేది సన్నటి అల్యూమినియం రేణువులు. తడిగా పడితే అవి లోపలికి దిగి రంగు ముదురుగా కనిపిస్తుంది. పొడిగా పడితే పైనే పరుచుకుని లేతగా కనిపిస్తుంది. డబ్బా ఒకటే అయినా చెయ్యి మారితే రంగు మారుతుంది. క్లియర్ కొట్టి ఆరాకే అట్టను మూత పక్కన పెట్టనిచ్చాడు. ఎదురుగా చూడమన్నాడు, పక్కకు వంగి చూడమన్నాడు. రెండు వైపులా కలిసిన అట్టనే తీసుకున్నారు.

"మూల ఒక్కటే కొట్టి ఆపకు. బంపర్ అంతా కొట్టు. అతుకు మధ్యలో కాకుండా అంచులో పడాలి," అన్నాడు మేస్త్రి. హార్డెనర్ కలిపే క్లియర్‌ని మాత్రం ఇంట్లో ముట్టుకోనివ్వలేదు. దాని పొగమంచును మామూలు గుడ్డ మాస్కు ఆపదు. ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాళ్లను ఆయన ఎరుగును.

పని అయ్యాక కుర్రాడు అడిగాడు. "ఇప్పుడిది ఫ్యాక్టరీ ఫినిషేనా?"

"ఫ్యాక్టరీలో మాత్రం రేకుకీ బంపర్‌కీ ఒకేసారి రంగు వేస్తారనుకున్నావా?" అని మేస్త్రి చెప్పుకొచ్చాడు. రేకును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ప్లాస్టిక్ నిలవదు కాబట్టి బంపర్లకు చాలావరకు వేరేచోట రంగు వేసి, 80 డిగ్రీల దరిదాపుల్లో ఆరబెట్టి తెచ్చి బిగిస్తారు. అందుకే కొత్త బండిలో కూడా, ముఖ్యంగా వెండి రంగులో, బంపర్‌కీ రేకుకీ కొద్ది తేడా కనిపిస్తుంటుంది. క్రోమ్ బంపర్లతో తిరిగిన అంబాసిడర్, పద్మినిల కాలంలో పెయింటర్లకు ఈ బాధే లేదు.

నీతి: దెబ్బతిన్నదాన్ని బాగుచేసేవాడు దాని పక్కనున్నది ఇవాళ ఎలా ఉందో ముందు చూడాలి.

ఇది బండ్లకంటే మనుషుల దగ్గర ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం. పొలం గట్టు దగ్గరో, పెళ్లి పెట్టుపోతల దగ్గరో మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు మన ఊళ్లలో ఎందరో. చివరికి అన్న మెత్తబడి, తనే గడప తొక్కుతాడు. కానీ తన మనసులో ఉన్న పాత తమ్ముడితోనే మాట్లాడతాడు. "ఏరా, నువ్వు నా మాట ఎప్పుడన్నా కాదన్నావా?" అంటాడు. ఎదురుగా ఉన్నది ఇద్దరు పిల్లల్ని ఒంటిచేత్తో చదివించి, అప్పు తీర్చి, అన్న అవసరం లేకుండా నిలబడిన మనిషి. ఆ మాట అతనికి అంటదు. అన్న మంచివాడే, వచ్చింది ప్రేమతోనే. తమ్ముడు మారిపోయాడని నిందించి వెనక్కి వస్తాడు. కొట్టువాడిని తిట్టుకున్న కుర్రాడు చేసిందీ ఇదే.

అలా వెళ్లాలనుకుంటున్న అన్నలెవరైనా ఉంటే, పాత రోజుల సంగతి మొదటిరోజు ఎత్తకండి. పిల్లలు ఏం చదువుతున్నారో అడగండి. మరదలి ఆరోగ్యం అడగండి. ఈ ఏడు పొలంలో ఏం వేశాడో అడిగి, చెప్పింది చివరిదాకా వినండి.