హారిసన్ కీర్తన ఎవరి సొత్తు?

లివర్‌పూల్‌లో 1943లో పుట్టిన జార్జ్ హారిసన్ క్యాథలిక్ ఇంట్లో పెరిగాడు. పాతికేళ్లు నిండకముందే బీటిల్స్‌తో ప్రపంచమంతా పేరొచ్చింది. రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకోవడం మొదలుపెట్టాక మనసు కృష్ణుడి వైపు మళ్లింది. 1970లో ‘మై స్వీట్ లార్డ్’ పాడాడు. వెనక పాడేవాళ్లు హల్లెలూయాతో మొదలుపెట్టి, వినేవాడు గమనించేలోగా హరే కృష్ణలోకి జారిపోతారు. చర్చికి వెళ్లేవాళ్ల నోట హరినామం పలికించిన చిలిపితనం అది! బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఆ పాట మొదటి స్థానానికి చేరింది.

అదే ఆయన్ని న్యూయార్క్ కోర్టుకీ ఎక్కించింది. 1963లో షిఫాన్స్ అనే అమ్మాయిల బృందం పాడిన ‘హీజ్ సో ఫైన్’ బాణీ ఇదేనని హక్కుదారులు కేసు వేశారు. 1976 విచారణలో హారిసన్ గిటార్ పట్టుకుని, పాట తనకెలా తట్టిందో వాయించి చూపించాడు. జడ్జి రిచర్డ్ ఓవెన్ ఆపెరాలు రాసిన సంగీతకర్త కూడా. రెండు పాటల్నీ విప్పి చూశాడు. మూడు స్వరాల చిన్న ముక్క మళ్లీ మళ్లీ రావడం, దాని వెనకే ఇంకో ముక్క అందుకోవడం, రెండింట్లోనూ అదే వరస. కావాలని కొట్టేశాడని ఆయన నమ్మలేదు. ఎప్పుడో విన్నది మనసు అడుగున ఉండిపోయి సొంతదానిలా పైకొచ్చింది, అయినా అది కాపీయేనని తీర్పు.

అసలు చిక్కు ఇక్కడుంది. అహంకారం మీద ‘ఐ మీ మైన్’ అని పాట కట్టినవాడు ‘ఈ బాణీ నాదే’ అని బోనెక్కి వాదించాల్సి వచ్చింది.

దేవుడి పాటకు హక్కులేమిటి అనొచ్చు. మన అయ్యప్ప భజనల్లో సినిమా బాణీలు ఎన్ని వినపడవు? ఎవరూ దొంగతనం అనుకోరు. కానీ పడిపూజకు రాయల్టీ రాదు, హారిసన్ రికార్డుకు వచ్చింది. ‘హీజ్ సో ఫైన్’ బాణీ కట్టిన రానీ మ్యాక్ తన పాట హిట్టయిన ఏడాదే కుర్రవయసులో కన్నుమూశాడు. గీత వదులుకోమన్నది మన ఫలాన్ని, పక్కవాడిది కాదు.

తనది వదులుకోవడానికి హారిసన్ వెనకాడలేదు. 1973లో లండన్ పొలిమేరల్లో పెద్ద భవంతి కొని ఇస్కాన్‌కు ఇచ్చాడు. నేటికీ అది భక్తివేదాంత మేనర్ పేరుతో కృష్ణ మందిరమే.

కేసులో మలుపు ఇంకొకటి. హారిసన్ మాజీ మేనేజర్ ఆలెన్ క్లైన్ 1978లో ఎదుటిపక్షం దగ్గర ‘హీజ్ సో ఫైన్’ హక్కులు 5,87,000 డాలర్లకు కొనేశాడు. హారిసన్ తరఫున పనిచేసినవాడు కాబట్టి క్లైన్‌కు ఇందులో లాభం దక్కకూడదని, అతను పెట్టిన సొమ్ము మాత్రం హారిసన్ ఇస్తే చాలని 1981లో ఓవెన్ తేల్చాడు. రెండు తీర్పులూ సబబైనవే.